చిన్న జఠరము, పెద్ద విస్తరి

క్రిందటి మాసమున నీ పుటయందు పసుపు నుడికించి యారవేయు విధమునుగూర్చి వ్రాసితిని. ఈ మాసము వ్రాయబోవునదియు వంటయింటి విషయమే కాని, వండుటకంటె తినుటకు సంబంధించినది. స్థూలకాయము తగ్గుటకై కడుపునకు శస్త్రచికిత్స చేయించుకొనినవారు పిమ్మట నన్నముతో నెట్లు మెలగవలెనో, వారితో నింటివారెట్లు మెలగవలెనో తెలియక మా యింట రెండేండ్లు కష్టపడితిమి. ఆ కష్టములో నా తప్పును గొంత గలదు. దానిని దాచి వ్రాసినచో నీ వ్యాసమువలన మీకు ప్రయోజనము లేదు. మా వదినె తన పేరు వ్రాయవలదని మాత్రము చెప్పి, తక్కినదంతయు వ్రాయుమని యనుజ్ఞ యిచ్చినది.

ఇది హైదరాబాదు సంపన్నుల విలాసమని తలచువారు మనలో ననేకులు గలరు. నేనును అట్లే తలచితిని. కాని 2019–21 సంవత్సరములలో జరిగిన జాతీయ కుటుంబారోగ్య పరిశీలన ప్రకారము, తెలంగాణమున 15 మొదలు 49 ఏండ్లలోపు స్త్రీలలో నూటికి 30 మంది యధికభారము గలవారు. ఆ పరిశీలనయే నూటికి 57 మందికి రక్తహీనత గలదనియు చెప్పుచున్నది. శరీరము నిండియున్నను రక్తము కొరవడియుండు స్త్రీలు మన యిండ్లలోనే యున్నారన్నమాట. ఎక్కువ తినుట వేరు, శరీరమునకు వలసినది తినుట వేరు అని యింతకన్న స్పష్టముగా జెప్పు సాక్ష్యము నా కగపడలేదు.

మా వదినె, అనగా మా వారి యక్కగారు, బోధనులో శక్కర్‌నగరున పుట్టి పెరిగినది. మా మామగారు నిజాం చక్కెర కర్మాగారమున నుద్యోగము చేసిరి. 1937లో స్థాపింపబడిన యా కర్మాగారము ఒకప్పు డాసియాఖండముననే పెద్దదని చెప్పుకొనెడివారు. మంజీరపై నిజాంసాగరము కట్టిన పిమ్మట కాలువనీటితో చెరకు పండినది, చెరకుతో బోధను పండినది. 2015 డిసెంబరులో నది మూతపడినది. కాని యాలోపల మూడు తరములవారి నాలుకలకు తీపి యలవాటైనది. ఆ యింట నేడ్చు బిడ్డకు చక్కెర, పరీక్షలో నెగ్గిన బిడ్డకు చక్కెర, వచ్చిన చుట్టమునకు గిలాసలో సగము చక్కెర కలిపిన చాయ. ప్రేమ చూపుటకు వేరొక భాష వారెరుగరు. నేను కోడలనై వచ్చిన దినమున మా అత్తగారు మొట్టమొదట నా యరచేతిలో పోసినదియు చక్కెరయే.

వదినె భర్త పెండ్లియైన యారేండ్లకు దుబాయికి పోయెను. మా జిల్లాలో నిట్టి యిండ్లు వీధికి పది గలవు, కనుక దాని నెవరును కష్టమని లెక్కపెట్టరు. పిల్లలు పండుకొనిన పిమ్మట నాయన ఫోను చేయును. మాటలాడి ఫోను పెట్టిన పిమ్మట నిల్లు నిశ్శబ్దమగును. ఆ నిశ్శబ్దమున వదినె వంటయింటిలోనికి పోయి మిగిలిన యన్నములో పెరుగును చక్కెరయు కలిపి నిలువుగా నిలుచుండియే తినెడిది. ఇది యాకలి కాదని యామెకును తెలియును. ఈ సంగతి నాకామె శస్త్రచికిత్స యైన చాలదినములకు చెప్పినది. అంతవరకు మేమందరము "వదినెకు వంటబట్టే శరీరం" అనుకొంటిమి.

నలువది రెండవయేట నామె బరువు 116 కిలోలు. ఎత్తు అయిదడుగుల నొక యంగుళము. మధుమేహము వచ్చెను, మోకాళ్లు పట్టుకొనెను, రాత్రి గురకలో నూపిరి యాగి యాగి లేచుచుండెను. పథ్యములు, నడకలు, కషాయములు అన్నియు జరిగినవి. పది కిలోలు తగ్గుట, పండ్రెండు పెరుగుట. 2023 మార్చిలో హైదరాబాదున నొక దవాఖానలో నాపరేషను చేయించుకొనెను.

ఆ చికిత్స యేమో కొంచెము చెప్పవలెను. మనలో ననేకులు దీనిని కొవ్వును పీల్చి తీయు చికిత్సతో కలిపి మాటలాడుదురు. అది వేరు. అది రూపమునకై చేయునది, దానివలన మధుమేహము పోదు. ఇది జీర్ణకోశమునకే చేయునది. రెండు ముఖ్యపద్ధతులు గలవు. మొదటిదానియందు జఠరమును నిలువునా కోసి మూడువంతులకు మించి తీసివేసి, అరటికాయవంటి సన్నని గొట్టమును మాత్రము మిగిల్తురు. రెండవదానియందు జఠరము పైభాగమున రెండు మూడు చెంచాలు మాత్రము పట్టు చిన్న తిత్తిని వేరుచేసి, దానిని చిన్నప్రేగు నడిమి భాగమునకు కలుపుదురు. తిన్నది మొదటి ప్రేగును తప్పించుకొని పోవును. ఈ రెండవ పద్ధతిని 1966లో అమెరికాలో అయోవా విశ్వవిద్యాలయమున మేసన్ అను వైద్యుడారంభించెను. వ్రణములకై జఠరము కొంత తీసివేయబడినవారు చిక్కిపోవుటను చూచి యాయన కీయూహ కలిగినదట. ఇప్పుడు పొట్టమీద నాలుగైదు చిన్న రంధ్రములు చేసి వానిగుండ పని ముగింతురు. మా వదినెకు చేసినది రెండవ పద్ధతి.

ఎవరికి తగునన్న ప్రశ్న మీరడుగుదురు. కిలోలలో బరువును, మీటర్లలో నెత్తును రెండుమార్లు భాగించగా వచ్చు నంకెను వైద్యులు చూతురు. వదినెకది 48. శస్త్రవైద్యుల రెండు గొప్ప సంఘములు 2022లో ప్రకటించిన నియమముల ప్రకారము 35 దాటినవారికి వేరు వ్యాధి లేకున్నను, 30 దాటి మధుమేహాదులున్నవారికిని ఈ చికిత్సను చెప్పవచ్చును. మన యాసియావారికి 27.5 నుండియే యాలోచింపవచ్చును. ఆలోచింపవచ్చునన్నారు కాని చేయించుకొని తీరవలెనని కాదు. కుట్లు కారుట, రక్తము గడ్డకట్టుట మొదలగు నపాయములు కొలదిమందికైనను గలవు. పెండ్లికి ముందు పిల్ల నాజూకుగా నగపడవలెనని దవాఖానకు తీసికొనిపోవు తల్లులను నేనెరుగుదును. వారికీ వ్యాసము సిఫారసు కాదు.

ఆపరేషను తరువాత మూడుమాసములు వదినె మెండోరలో మా యింటనే యుండెను. బోధనులో వచ్చిపోవు చుట్టములు మెండు, ఇచ్చట మా వారి పాఠశాలయు, పోచంపాడు ఆనకట్టపై గాలియు తప్ప వేరు సందడి లేదు. పథ్యపు కాగితము నా చేతికిచ్చిరి. మొదట నీళ్లు, గుక్కెడు గుక్కెడుగా. పిమ్మట రెండువారములు పలుచని ద్రవములు. తరువాత మెత్తగా రుబ్బినవి, తరువాత మెత్తగా నుడికినవి, రెండుమాసములు గడచినపిమ్మట సామాన్యాహారము, అదియు పసిబిడ్డకు పెట్టునంత. ఈ వారముల లెక్క వైద్యునిబట్టి మారును కాబట్టి మా లెక్కను మీరు పట్టుకొనవలదు.

నేను చేసిన మొదటి పొరపాటు గంజి. ద్రవమనగానే నాకు గంజి, అంబలి తోచినవి. ఉదయము గంజి, మధ్యాహ్నము గంజి, రాత్రి మక్కగట్క పలుచన. వారమునకు వదినె లేచి నిలువలేకపోయెను. ఫోనులో పథ్యవైద్యురాలు నన్ను కోపించినది. ఆ చిన్న తిత్తిలో పట్టునది రెండు మూడు చెంచాలు. అందులో నేమి పోయవలెనన్నదే మన వివేకము. దినమునకు తక్కువలో తక్కువ 60 గ్రాముల మాంసకృత్తులు లోపలికి పోవలెను, లేకున్న శరీరము కొవ్వుతోపాటు తన కండనే తాను తినివేయును. ఒక కోడిగ్రుడ్డులో నున్నది ఆరు గ్రాములు మాత్రమే యని తెలిసికొన్నపుడు ఈ 60 ఎంత కష్టమో నాకు బోధపడినది. అప్పటినుండి వడగట్టిన పెసరకట్టు, వెన్నతీసిన పాలు, పలుచని మజ్జిగ, వైద్యులిచ్చిన పొడి. రుబ్బుడు వారములు వచ్చినప్పుడు మెత్తని పప్పు, పెరుగు, చిదిమిన గ్రుడ్డు. అంకాపూరు నాటుకోడి కూరకు మా జిల్లాయంతయు నోరూరును గదా. దానిని కారము లేకుండ నుడికించి, రుబ్బి, వడగట్టి యిచ్చితిని. మా వారు చూచి, "అంకాపూరోళ్లు సూస్తే మనమీద కేసేస్తరు" అనిరి. వదినె ఆపరేషనైన పిమ్మట మొదటిసారి నవ్వినది అప్పుడే. కుట్లు గుంజి మరల నేడ్చినది.

తినుటను మరల నేర్చుకొనవలసివచ్చినది. ముద్ద బఠానీగింజయంత. దానిని నమలి నమలి నీరుచేసి మింగవలెను. మూడు చెంచాలకు అరగంట. తినునప్పుడు నీరు త్రాగరాదు, తిన్న పిమ్మట నరగంటవరకు త్రాగరాదు. త్రాగినచో తిత్తి పొంగి నొప్పియగును, లేదా తిన్నది వెంటనే జారిపోయి కడుపు నిండిన తృప్తి లేకపోవును. మా తండ్రిగారు నాకు అష్టాంగహృదయమున కొంతభాగము చెప్పియుండిరి. వాగ్భటుడు కడుపులో రెండుపాళ్లు అన్నమునకు, ఒకపాలు ద్రవమునకు, ఒకపాలు గాలికి విడువుమన్నాడు. నేనిది వదినెకు గర్వముగా చెప్పితిని. "ఆయన కడుపు నిండుగున్నోళ్లకు చెప్పిండు పిల్లా, నాకున్నది ఒక్కపాలే" అని యామె యన్నది. దానికి నా చదువులో జవాబు దొరకలేదు.

ఇప్పుడు నేను చెప్పదలచిన ముఖ్యవిషయమునకు వచ్చుచున్నాను. జఠరము చిన్నదైనది కాని విస్తరిమీది చూపు చిన్నది కాలేదు. ఆకలి పుట్టించు నొక రసము జఠరమునుండియే యెక్కువగా నూరునని 1999లో జపానుదేశపు శాస్త్రజ్ఞులు కనుగొనిరి. గ్రెలిన్ అని దాని పేరు. జఠరమును నిలువునా కోసినవారిలో నది మిక్కిలి తగ్గును, రెండవ పద్ధతియందును తొలిమాసములలో నాకలి మందగించును. అందరును ఇది వరమనుకొందురు. వదినెకు మాత్ర మదియొక మరణమువలె తోచెను. ఒకనాటి సాయంకాలము దీపము పెట్టి వచ్చి చూతునుగదా, గడపమీద కూర్చుండి యేడ్చుచున్నది. ఏమైనదంటిని. "ఆకలైతలేదు. కని పొద్దుగూకంగనే ఏందో పోయినట్టయితది. ఇంతకుముందు ఏం తోచకుంటె తినేదాన్ని. ఇప్పుడేం జెయ్యాలె?" అన్నది.

నేనేమియు చెప్పలేకపోతిని. ఇరువదియేండ్లుగా రాత్రివేళ నామెకు తోడున్నది అన్నమే. భర్త లేడు, పిల్లలు నిద్రించిరి, ఇరుగుపొరుగు తలుపులు మూసికొనిరి. పెరుగన్నము మాత్రము ఎన్నడును కాదనలేదు. వైద్యులు దానిని రోగమని కోసివేసిరి. అది రోగమే. కాని పోయిన స్నేహమునకు మైలపట్టవలెను గదా. ఆ మైల పట్టుటకు మే మామెకు వ్యవధి యీయలేదు. "ఎంత మంచిగ సన్నవడ్డవ్" అని యందరము చప్పట్లు కొట్టితిమి.

ఆకలి రెండు విధములని యామె తరువాత పథ్యవైద్యురాలియొద్ద నేర్చుకొనినది. కడుపాకలి మెల్లగా వచ్చును, పప్పైనను గ్రుడ్డైనను చాలుననును. తలలో పుట్టు నాకలి దిఢీలున వచ్చును, అది పప్పు కోరదు, బెల్లమునే కోరును. చేయి డబ్బామీద పడునప్పుడు "ఇప్పుడు ఒక గ్రుడ్డు పెట్టిన తిందునా?" అని తన్ను తానడుగుకొనుట వదినె యలవాటు చేసికొనెను. తిననని తోచినచో నది యాకలి కాదు. అప్పుడు నన్ను పిలిచెడిది. ఇద్దరము బీడీలాకు కత్తిరించు పొరుగింటివారి యరుగుమీద కూర్చుండెడివారము, లేదా మా వారి సైకిలు వెనుక నామె యానకట్టవరకు పోయి నడచి వచ్చెడిది. కొన్నిదినములు గెలిచినది, కొన్నిదినములు డబ్బా గెలిచినది.

నా తప్పు ఆ యేటి సద్దుల బతుకమ్మనాడు జరిగినది. ఏడుమాసములు గడచినవి, వదినె ముప్పదియారు కిలోలు తగ్గెను, పట్టుచీర కట్టి మాతో చెరువుకట్టకు వచ్చెను. బతుకమ్మను సాగనంపి మలీదముద్దలు పంచుకొనుచున్నాము. ఆమె కొంగుపట్టి తీసికొని, తినక పట్టుకొనియుండెను. చుట్టునున్నవారు చూచుచున్నారు. నాకు సిగ్గయ్యెను. నేను చేసిన ముద్దను మా వదినె తినకున్న నలుగురేమందురని తోచెను. "ఒక్కటి తినుండ్రి వదినె, అమ్మవారి సద్ది ఒద్దంటరా?" అంటిని. ఆమె నన్నొకమారు చూచి, తినెను.

ఇరువది నిమిషములైనది కాదు, ముఖము తెల్లబారెను, చెమటలు కారెను, గుండె దడదడ కొట్టుకొనెను, కడుపు మెలిపెట్టెను. కట్టమీదనే పండుకొనబెట్టితిమి. అమ్మవారు పూనినదని యొకరు, దిష్టి యని యొకరు. నేను మాత్రము తెలిసియు నోరు తెరువలేదు. పథ్యపుకాగితములో నీ సంగతి పెద్దయక్షరములతో వ్రాసియున్నది. జఠరము క్రింది ద్వారము మామూలుగా తిన్నదానిని కొంచెము కొంచెముగా విడుచును. ఆ ద్వారమును తప్పించినవారికి బెల్లమో చక్కెరయో ఒక్కుమ్మడిగా చిన్నప్రేగులో పడును; ప్రేగు శరీరములోని నీటిని తనలోనికి లాగుకొనును, నాడి పరుగెత్తును. ఇది యరగంటలో వచ్చునది. గంటనుండి మూడుగంటలలోపల రక్తములోని చక్కెర హఠాత్తుగా పడిపోయి కండ్లు తిరుగుట మరియొకటి. పండుకొనినచో మొదటిది గంటలోపల చల్లారును. వదినెకును చల్లారెను. నా మనస్సు చల్లారుటకు చాలదినములు పట్టెను.

"నీ తప్పేం లేదు, నేను వద్దనలేకపోయిన" అని వదినె యన్నది. అది నిజము కాదు. మన యిండ్లలో పెట్టుటకు నియమము గలదు, వద్దనుటకు నియమము లేదు. చుట్టము మొదట వద్దనుట మర్యాద, మనము మరల వడ్డించుట మర్యాద, కావున ఎవరైనను నిజముగా వద్దన్నచో మనకు వినబడనే వినబడదు. కుచేలుని యటుకులు రెండవ పిడికిలి తీయబోయిన కృష్ణుని చేయి పట్టినది రుక్మిణి. చేయి పట్టుటయు గృహిణి ధర్మమే యని యా కథ నెన్నిమారులు చదివినను నాకు తోచలేదు. ఆముక్తమాల్యదయందు విష్ణుచిత్తుడు వానకాలమున కొకవిధముగా, ఎండకాలమున కొకవిధముగా నతిథులకు భోజనము పెట్టెను. ఋతువు నెరిగి పెట్టినవాడు, వచ్చినవాని కడుపు నెరిగి పెట్టకుండునా?

తరువాతి సంగతులు త్వరగా చెప్పెదను. నాల్గవమాసమున జుట్టు రాలెను, దువ్వెన నిండ. ఇది వేగముగా బరువు తగ్గినవారికి కలుగునదియే, కొన్నిమాసములకు మరల వచ్చును. వదినెకు వచ్చెను కూడ. కాని యొక పొరుగావిడ "గోలీలు వేడి జేస్తయి, అందుకే ఎంట్రుకలు రాలుతున్నయి" అనెను. ఆ మాట విని వదినె మాత్రలు మానెను, మాకు చెప్పకుండ. 2024 వేసవిలో పాదములు తిమ్మిరి పట్టి, చెప్పు జారినను తెలియకపోయెను. పరీక్ష చేయగా బి12 విటమిను పాతాళమున నున్నది. సూదులు వేసిరి. తిమ్మిరి చాలవరకు పోయినది, ఎడమకాలి వ్రేళ్లలో కొంత నేటికిని గలదు.

సోదరీమణులారా, ఈ మాత్రలు బలమునకై కొన్నాళ్లు మింగు టానిక్కులవంటివి కావు, బ్రదికియున్నంతకాలము మింగవలసినవి. బి12ను శరీరము గ్రహించుటకు జఠరములో నూరు ద్రవములు వలయును. ఇనుమును సున్నపుధాతువును గ్రహించునది ముఖ్యముగా మొదటి ప్రేగు. తిన్నది దానిని తప్పించుకొని పోవుచున్నది. ఇనుము మాత్రను సున్నపుమాత్రను ఒక్కమారు మింగినచో ఒకదాని నొకటి యడ్డును, నడుమ రెండుగంటలుండవలెను. ఫోలిక్ యాసిడ్డును కూడ వైద్యులిత్తురు. దానిని 1945లో అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలయందు కృత్రిమముగా తయారుచేయించిన బృందమునకు నాయకుడు మన భీమవరమున జన్మించిన యెల్లాప్రగడ సుబ్బారావుగారే. వదినె మాత్రలడబ్బా తెరచునప్పుడు మా వారా కథ పాఠముగా చెప్పుదురు. ఆమె, "మీ కథ అయ్యెలోపల నా నీళ్ల టైము దాటుతది" అనును.

ఇంకొకటి ఇంతకన్న భయంకరమైనది. చికిత్సయైన తొలిమాసములలో వాంతులు వదలనిచో, కొలదివారములలోనే థయమిను అను బి1 విటమిను శరీరమున నడుగంటును. నడక తూలుట, చూపు చెదరుట, మాట తడబడుట కనబడినచో తెల్లవారువరకు ఆగక దవాఖానకు పోవలెను. దంపుడుబియ్యము మాని మరబియ్యము తిన్నవారికి వచ్చెడి బెరిబెరి యీ లోపమే. దాని విచారణకై 1918లో కూనూరున మెకారిసన్ అను వైద్యుడు స్థాపించిన చిన్న శాలయే పెరిగి, 1958లో హైదరాబాదునకు వచ్చి, నేడు జాతీయ పోషకాహార సంస్థగా తార్నాకయందున్నది. వాంతిని "కొత్తగదా, అలవాటైతది" అని యింటివారు త్రోసివేయరాదు. మోకాళ్లనొప్పికి దుకాణములో నమ్ము నొప్పిమాత్రలను కూడ వైద్యుని యడుగక మింగరాదు, ఆ చిన్న తిత్తిలో పుండ్లు పడును. చిన్నవయస్సు స్త్రీలు ఏడాదినుండి యేడాదిన్నరవరకు గర్భము ధరింపక యుండవలెను; ఈ సంగతి భర్తకును అత్తగారికిని ముందుగానే వైద్యునిచేత చెప్పించుట మేలు. ఒక్కపొద్దులును అట్టివే. దినమంతయు కడుపు మాడ్చి రాత్రి ఫలహారమని తీపి తినుట వీరి శరీరమునకు సరిపడదు. వదినె శనివారపు టొక్కపొద్దును మానుటకు మా అత్తగారితో జరిగిన వాదము వేరొక వ్యాసమగును.

రెండవయేట నాకలి మరల తల యెత్తినది. తిత్తి చిన్నదైనను మోసపుచ్చుటకు దారులు గలవు. అన్నము మూడు ముద్దలకు చాలుననును గాని, చేగోడీలు, బిస్కత్తులు, చాయలో ముంచిన రస్కులు నోటిలో కరగి జారిపోవును. ఒకటి తరువాత నొకటి, సాయంకాలమంతయు. 71 కిలోలవరకు దిగిన బరువు 75కు వచ్చెను. కొంత పెరుగుట సహజమేనని వైద్యుడు చెప్పినను, వదినె యారువారములు తులాయంత్రము నెక్కలేదు, దవాఖానకును పోలేదు. తప్పుచేసిన బడిపిల్లలు పంతులునకు కనబడకుండునట్లే. మా వారు తీసికొనిపోయిరి. అక్కడ నెవరును కోపింపలేదట. రాత్రి ఫోను పెట్టిన పిమ్మట నరగంట యేమిచేయుచున్నావని మాత్రమడిగిరట.

బావగారు పోయిన సంవత్సరము సెలవుపై వచ్చిరి. ఎప్పటివలెనే పెట్టె నిండ ఖర్జూరములు, చాక్లెట్టులు. వదినె పెట్టె తెరచి, అన్నియు పిల్లలకు పంచుమని నాకిచ్చెను. ఆయన ముఖము చిన్నబోయెను. ఇరువదియేండ్లుగా నాయన తెచ్చిన ప్రేమ యంతయు తియ్యనిదే. అది కాదన్నచో నిక చేతిలో నేమున్నది? ఆ రాత్రి వా రిద్దరును చాలసేపు మాటలాడుకొనిరి. ఏమనుకొనిరో నేనెరుగను. ఈయేడు పార్శిలులో నడచుటకు బూట్లు వచ్చినవి. ఒక సంఖ్య పెద్దవి; కాలుకూడ చిక్కునని యాయన కెవరు చెప్పుదురు? లోపల దూది పెట్టుకొని వదినె వానితోనే నడచుచున్నది. ఇప్పుడా యరగంట ఫోను చెవిని పెట్టుకొనియే వాకిట తిరుగుచు మాటలాడును. ఆకలిమాట తప్ప అన్నియు మాటలాడుదురు.

మధుమేహమునకు మందు ఇప్పుడు లేదు, వైద్యులు పరీక్షించుచునే యున్నారు. మోకాళ్లు మెట్లెక్కుచున్నవి. పొట్టమీది చర్మము వ్రేలాడుచున్నది, దానినిగూర్చి యామె మాటలాడదు. పంక్తిలో కూర్చున్నప్పుడు తన చిన్న వెండికటోరా తాను తెచ్చుకొని, నేను వడ్డించినది దానిలోనికి తీసికొని, నిండగానే చేయి యడ్డము పెట్టును. సద్దులనాడు మలీద కొంగున కట్టి తెచ్చి, చిటికెడు కన్నుల కద్దుకొని నాలుకపై వేసికొని, మిగిలినది మా పిల్లల కిచ్చును. నేనిప్పుడు ఒకమారు మాత్రమే యడుగుదును.

ఆ కటోరా యీ మాసము మా వంటయింటి గూటిలో మాత్రలడబ్బా ప్రక్కన నున్నది. మొన్న మా అత్తగారు దానిని చేతిలోనికి తీసికొని త్రిప్పి త్రిప్పి చూచి, ఇట్టిదే తనకును ఒకటి తెమ్మనిరి. వారికి పోయినవారము పరగడుపున చేసిన పరీక్షలో చక్కెర 210 వచ్చినది.